తడి లేని స్టీలు గ్లాసు

ఉదయం పదకొండూ ఇరవైకి ఇన్‌స్పెక్టర్ ప్రజ్ఞ ఆ పడకగదిలోకి అడుగుపెట్టింది. సాయంత్రం నాలుగు గంటలకు వెస్లీని మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తారు. మధ్యలో మిగిలింది నాలుగు గంటల నలభై నిమిషాలు.

కాగితం మీద కేసు చాలా చిన్నది. చనిపోయింది లక్ష్మణ్‌రావు. అరవై మూడేళ్లు, నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా రిటైరైన మనిషి. భార్య పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. కరీంనగర్‌లోని ఈ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు ఉంది. అందుకని ముక్కుకు మాస్క్ తగిలించుకుని, గాలి ఊదే సీపాప్ మిషన్ పెట్టుకుని పడుకునేవాడు. నిన్న, అంటే పదిహేనో తారీకు పొద్దున, మాస్క్‌తోనే చనిపోయి కనిపించాడు. ఆయన గొంతు మూసుకుపోకుండా ఉండాలంటే గాలి ప్రెషర్ పన్నెండు ఉండాలి. మిషన్‌లో ఉన్నది నాలుగు. ఒంట్లో నిద్రమాత్రల జాడ దొరికిందని పోస్టుమార్టం డాక్టరు చెప్పాడు.

మిషన్లు అద్దెకిచ్చి ఇంటింటికీ తిరిగి సరిచేసే వెస్లీ నిన్న పదిన్నరకు ఈ ఇంటి గేటు ముందే పట్టుబడ్డాడు. టౌన్ ఇన్‌స్పెక్టర్ సంతోష్‌రావు సాయంత్రం అరెస్టు రాసుకున్నాడు. వెస్లీ భార్య క్యాథరిన్ కమిషనర్ ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చి, వరండాలో కూర్చుని లేవలేదు. "ఒక్క పూట చూసి చెప్పు" అని కమిషనర్ ప్రజ్ఞను పంపించాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఉజ్వల్ గొంతు సవరించుకున్నాడు. వెంటనే ఇంకోసారి. అతను లక్ష్మణ్‌రావు తమ్ముడి కొడుకు. రెండు వీధుల అవతల ఉంటాడు. ఈ ఇంటి రెండో తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది.

"నిన్న పొద్దున ఎన్నింటికి వచ్చిండ్రు?" ప్రజ్ఞ అడిగింది.

"ఏడున్నర అయితుండె మేడం. పాల ప్యాకెట్ గేటుకే ఏలాడుతుంటే చూసి లోపలికి వచ్చిన."

"అప్పుడు మిషన్ నడుస్తున్నదా?"

"లేదు. బంద్ అయ్యే ఉన్నది."

"మాస్క్?"

"మొఖానికే ఉండె. పెద్దబాపూ, పెద్దబాపూ అని రెండుసార్లు పిలిచిన." మళ్లీ గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు.

ప్రజ్ఞ ఏడున్నర అని రాసుకుంది. దాని పక్కనే 'మిషన్ బంద్' అని రాసి కింద గీత గీసింది.

గదిలో ఏదీ చెదిరిలేదు. మంచానికి ఎడమవైపు స్టూలు మీద మిషన్, దానికి పాము కుబుసంలాంటి గొట్టం. మంచం కింద ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే శుద్ధి చేసిన నీళ్ల డబ్బా ఉంది. గాలికి తేమ కోసం మిషన్ తొట్టిలో ఆయన పోసేది ఆ నీళ్లే. కుడివైపు కిటికీ గట్టు మీద రాగి చెంబు, దాని మీద బోర్లించిన గ్లాసు. అవి తాగే నీళ్లవి.

మరి మంచం మీద, తలగడకు ఆనించి ఉన్న ఈ రెండో గ్లాసు?

మామూలు స్టీలు గ్లాసు. ప్రజ్ఞ చేతి తొడుగుతో ఎత్తి వెలుగులో చూసింది. లోపల చుక్క తడి లేదు. నీళ్లు ఆరిన మరక కూడా లేదు. అడుగున ఒక చేతిరుమాలు నాలుగు మడతలు వేసి ఉంది. గోడకున్న ప్లగ్గు నుంచి పొడుగాటి ఛార్జర్ వైరు మంచం వెనకగా వచ్చి, సరిగ్గా గ్లాసు ఉన్నచోటే ఆగింది.

"అదిటియ్యండి మేడం, కడిగిపిస్త." ఉజ్వల్ చెయ్యి చాచాడు.

"నీళ్లు తాగే గ్లాసుల రుమాలెందుకున్నది?"

"ముసలాయన అలవాట్లు మనకేం ఎరుక?" చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నేను మంథని పోవాలె. రేపు మూడోనాడు, గోదావరి కాడ అయ్యగార్లతోని మాట్లాడాలె. నాతోని ఇంకేమన్న పనుందా?"

"ఇప్పటికి లేదు."

పదకొండూ నలభై అయిదుకు అతని కారు వీధి మలుపు తిరిగింది. ప్రజ్ఞ గ్లాసును కవర్లో పెట్టి సీలు వేసింది.

సంతోష్‌రావు పన్నెండున్నరకు వచ్చాడు. ఈ నెలలో మూడు కేసులు తేల్చిన మనిషి. నాలుగోది చేతికొచ్చాక ఇంకొకరు వచ్చి మంచం కింద వెతకడం అతనికి నచ్చలేదు.

"ఏం దొరికింది మేడం? గ్లాసా?" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రెండు చెంచాలు గూడ దొరికితే మా ఇంట్లకు పనికొస్తయి."

"మీ లెక్క ఒకసారి చెప్పండి. వింటా."

"లెక్క సాఫ్‌గున్నది. ఈ ఇంజినీరు సాబ్‌కు మిషన్ల చెయ్యి పెట్టే అలవాటు. రెండు బటన్లు కలిపి ఒత్తితే లోపలి సెట్టింగులు వస్తయని నేర్చుకున్నడు. తనకు తానే ప్రెషర్ పెంచుకుంటడు, దించుకుంటడు. వద్దని వెస్లీ లడాయి పెట్టుకున్నడు. పక్కింటోళ్లు విన్నరు. పదమూడో తారీకు రాత్రి తొమ్మిదిన్నరకు వెస్లీ ఈడికి వచ్చిండు, తెల్లారి అయిదింటికి పోయిండు. ఎదురింటి కెమెరాల ఉన్నది. మిషన్ల మెమరీ కార్డు తీసి రిపోర్టు కొట్టిపిచ్చిన. పద్నాలుగో తారీకు, ఒంటిగంటా నలభైకి, ప్రెషర్ పన్నెండు నుంచి నాలుగు. ఆ టైంల ఇంట్ల వెస్లీ తప్ప ఎవ్వరున్నరు? పైంగ నిన్న ఎవ్వరు పిలువకుండనే చచ్చినోని ఇంటికి ఉరికొచ్చిండు. సూడనీకి కాకపోతే ఎందుకొచ్చిండు?"

"ఏమంటున్నడు?"

"ఏమనడు. నోరిప్పుతలేడు. తప్పు చేసినోడు ఏం మాట్లాడతడు?"

ప్రజ్ఞ అతని ఫైల్లోంచి రిపోర్టు కాగితం తీసి బల్ల మీద పరిచింది. బియ్యంలో రాయి ఏరినట్టు ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టింది.

"పద్నాలుగు కింద మొదటి వరుస చదవండి."

"రాత్రి పదీ ఇరవై. మిషన్ చాలూ."

"రెండోది?"

"ఒంటిగంటా నలభై. ప్రెషర్ నాలుగు."

"ఆఖరుది?"

"పొద్దున ఆరూ యాభై. మిషన్ బంద్."

"రాత్రి పదీ ఇరవై అయినంక వచ్చే ఒంటిగంటా నలభై ఏ తారీకుది, సంతోష్‌రావు గారూ?"

అతను కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ మిషన్‌కు తారీకు అర్ధరాత్రి మారదు. పగలు పన్నెండుకు మారుతుంది. ఒక్క రాత్రి నిద్ర రెండు తారీకుల కింద చీలిపోవద్దని అట్ల పెట్టిండ్రు. మిషన్‌తోని వచ్చిన పుస్తకం ఈ సొరుగుల దొరికింది, అందుల రాసే ఉన్నది." ప్రజ్ఞ చిన్న పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించింది. "ప్రెషర్ తగ్గింది పదిహేనో తారీకు తెల్లవారుజామున. అప్పటికి వెస్లీ ఇక్కడినుంచి వెళ్లి ఇరవై గంటలు దాటింది. పద్నాలుగు రాత్రి కెమెరా చూసిండ్రా?"

"అవసరం పడలే."

"వెనక గల్లీకి కెమెరా ఉన్నదా?"

"లేదు."

"ఆరూ యాభైకి మిషన్ ఆపింది ఎవరు? ఉజ్వల్ ఏడున్నరకు వచ్చినంటున్నడు. చనిపోయిన మనిషి లేచి బటన్ ఒత్తిండా?"

"పొద్దుపొద్దున శవాన్ని చూసినోడు గడియారం చూస్తడా మేడం? నలభై నిమిషాల తేడాకు ఇంటి పిలగాన్ని పట్టుకుందమా?" సంతోష్‌రావు గొంతు పెరిగింది. "నాలుగు గంటలకు కోర్టు. మీ గ్లాసు, మీ పుస్తకం ఆడ చూపెట్టుకోండి."

"ఇంకొకటి చూసి పోదాం."

తలగడ కింద దొరికిన నోటుబుక్కు తెరిచింది. ఇంజినీరు చేతిరాత, గీతలు కొట్టి, వరుసలు పెట్టి. కాలువ నీళ్లు వదిలినట్టు ప్రెషర్‌ను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాడు.

జూన్ 3. ప్రెషర్ 8. పదకొండుసార్లు ఆగింది. పెద్దది 26 సెకన్లు.

జూన్ 9. 9.4. ఏడుసార్లు. గురక ఉంది గాని సన్నగా.

జూన్ 21. 11. మాస్క్ బుగ్గ దగ్గర వదులు. ఈల వేసినట్టు చప్పుడు.

జూలై 2. 12.6. ఆగలేదు. కానీ కడుపులోకి గాలి పోయి ఉబ్బరం. తగ్గించాలి.

జూలై 13. 12. వెస్లీ వచ్చి కూర్చుని చూశాడు. ఒక్కసారే ఆగింది. ఇక దీన్ని ముట్టుకోను.

"మీరు గురక పెడతరా?" ప్రజ్ఞ తలెత్తకుండా అడిగింది.

సంతోష్‌రావు తెల్లబోయాడు. "మా ఆమె రోజు మొత్తుకుంటది. రైలు పోయినట్టే ఉంటదట."

"మీకు చెప్పేటోళ్లున్నరు. ఈయనకు ఎవరు చెప్పిండ్రు? గురక సన్నగ ఉందని, బుగ్గ దగ్గర ఈల వస్తున్నదని?"

"మిషనే చెప్తదేమో."

"ఎన్నిసార్లు ఆగిందో మిషన్ చెప్తది. ఈల సంగతి చెప్పదు. నిద్రపోయేటోనికి తన గురక ఇనబడదు. ఎవరో మేల్కొని ఉండి విన్నరు. ఒక్క వెస్లీ వచ్చిన రాత్రి కాదు. నలభై రాత్రులు."

అంటూనే ప్రజ్ఞ ఒక్క క్షణం ఆగింది. పోలీస్ క్వార్టర్లో ఆమె గదికి ఒక్కటే మంచం. తను గురక పెడుతుందో లేదో ఆమెకు తెలియదు. నలభై రెండేళ్లు వచ్చాయి. చెప్పిన మనిషి లేడు.

ఆమె నోటుబుక్కును అతని వైపు తిప్పింది. ప్రతి తారీకుకూ కుడిపక్కన ఇంకో వరుస ఉంది. దానికి పేరు పెట్టలేదు. జూన్ 3న 7. జూన్ 21న 8.4. జూలై 13న 9. పక్కన చిన్న మాటలు: 'మూడుసార్లు.' 'రెండుసార్లు.' 'అర్ధరాత్రి దగ్గు. తేమ పెంచుకోమని చెప్పాలి.'

"ఒక్క రాత్రి ఒక్క మనిషికి పన్నెండు, తొమ్మిది, రెండు ప్రెషర్లు ఎట్ల ఉంటయి?"

సంతోష్‌రావు నోటుబుక్కు మీదికి వంగాడు.

ప్రజ్ఞ చెంబు మీది గ్లాసు తీసుకుంది. తన ఫోన్లో వార్తలు పెట్టి ఫోన్‌ను నిలువుగా గ్లాసులోకి దించింది. సన్నగా వినిపిస్తున్న గొంతు ఒక్కసారి గది నిండా పరుచుకుంది.

"మా అవ్వ వంటింట్ల పాటలు ఇట్లనే వింటది," అంది. "అడుగున రుమాలు ఫోన్ గలగలమనకుండ. వైరు తెల్లారిందాక ఛార్జింగ్ అయిపోకుండ. ఈయన రాత్రంతా ఫోన్ చాలూ పెట్టుకుని పడుకున్నడు. అవతల ఇంకో మిషన్, ఇంకో మనిషి ఉన్నరు. ఆయన ఫోన్ ఏది?"

"నా దగ్గరున్నది. స్విచాఫ్ అయి దొరికింది. కాల్స్ పట్టి చూసిన. ఒక్కటి లేదు. అంతా ఖాళీ."

"అంతా ఖాళీ అయిన ఫోన్ మీకు వింతగ అనిపించలేదా?"

"ఒంటరి మనిషి మేడం. ఎవరు చేస్తరు అనుకున్న."

రెండూ ముప్పై అయిదుకు స్టేషన్‌లో వెస్లీ ఆమె ఎదుట కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి. రాత్రి నిద్ర లేదు. సంతోష్‌రావు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ప్రజ్ఞ నోటుబుక్కు తెరిచి కుడిపక్క వరుస మీద వేలు పెట్టింది.

"ఎవరిది ఈ తొమ్మిది?"

వెస్లీ దాన్ని చూసి తల దించుకున్నాడు.

"రిపోర్టుల తారీకు పగటి పన్నెండుకు మారుతదని నీకు తెల్వదా?"

"ఎరుకే మేడం."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే, పదిహేను తెల్లారుజామున యాడున్నవని అడుగుతరు. ఆసిఫాబాద్ అంటే, ఎవరి కాడికి పోయినవంటరు. పోలీసు జీపు పోయి ఆమె గడప ముందర ఆగుతది. ముప్పై ఏండ్లు చర్చి బడిల పిల్లలకు చదువు చెప్పిన మనిషి. నేను ఆమె కాడ్నే అఆలు దిద్దిన. పేరు బయట పెట్టనని బైబిల్ మీద ఒట్టేసిన."

"నాలుగు కొడితే నిన్ను జైలుకు పంపుతరు. క్యాథరిన్ నిన్నటినుంచి కమిషనర్ వరండాల కూసున్నది. అన్నం తినలే."

వెస్లీ మెల్లగా మొదలుపెట్టాడు.

"ఎలీసబెతు టీచర్ మేడం. ఒక్కతే ఉంటది. ఆమెకు గూడ ఇదే బీమారి, నా మిషనే. ఇద్దర్ని ఒకే డాక్టర్ చూస్తడు. రాత్రి పక్కన పండెటోళ్లు ఏమంటున్నరని డాక్టర్ అడుగుతడు. ప్రెషర్ సరిచెయ్యాలంటే అది కావాలె. సార్ ఎవ్వరు లేరన్నడు. టీచరమ్మ గూడ ఎవ్వరు లేరన్నది. నేనే ఒకరి నంబరు ఇంకొకరికి ఇచ్చిన. పదీ ఇరవైకి ఫోన్ కలుపుకుంటరు. ఒంటిగంటదాక టీచరమ్మ పంటది, సార్ మాస్క్ తగిలించుకుని మిషన్ చాలూ చేసుకునే వింటడు. ఆ తర్వాత సార్ పంటడు, టీచరమ్మ వింటది."

"ఏం మాట్లాడుకుంటరు?"

"మాటలేముంటయి మేడం. ఊపిరే."

కిటికీ దగ్గర సంతోష్‌రావు కదిలాడు. వెస్లీ కొనసాగించాడు.

"పద్నాలుగు సాయంత్రం ఆమె మిషన్ చూడనీకి పోయిన. చర్చి గదిల పన్న. రాత్రి రెండింటికి టీచరమ్మ ఫోన్ చేసింది. 'లైన్ కట్టయింది, మళ్ల కలుస్తలేదు, జర పోయి చూసి రా బిడ్డా' అన్నది. మొదటి బస్సుకు వచ్చిన. గేటు ముందరనే ఈ పోలీసు సార్ పట్టుకున్నడు. ఫోన్ తీసుకున్నడు."

"వీళ్లిద్దరి సంగతి ఇంకెవరికి తెలుసు?"

"వచ్చే నెల రిజిస్ట్రార్ ఆఫీసుల పెండ్లి చేసుకుందామనుకున్నరు. వయసుమళ్లినంక, అందులనూ క్రైస్తవుల ఇంటి ఆమెతోని అంటే ఇంట్ల ఒప్పరని సార్‌కు భయం. ఒక్కరికి మాత్రం చెప్పిండు. నా తమ్ముని కొడుకు, చదువుకున్నోడు, అర్థం చేసుకుంటడు అన్నడు."

ప్రజ్ఞ పెన్ను పక్కన పెట్టింది. "సార్ పోయిండని టీచరమ్మకు తెలుసా?"

"ఎట్ల తెలుస్తది? చెప్పెటోణ్ణి నేనొక్కణ్ణే. నన్ను తెచ్చి ఈడ కూసుండబెడితిరి."

మూడూ అయిదుకు ప్రజ్ఞ నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. రెండో రింగుకే ఎత్తారు. ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నట్టుంది.

"టీచరమ్మా, నా పేరు ప్రజ్ఞ. కరీంనగర్ నుంచి. వెస్లీ నా పక్కనే ఉన్నడు."

"మంచిది బిడ్డా." గొంతు సన్నగా, తగ్గించి ఉంది. "రెండు రోజులాయె, గాయన ఫోన్ బంద్ వస్తున్నది. వెస్లీది గూడ బందే. నేనెవర్ని అడగాలె? ఏమౌతనని అడగాలె? జర ఆగు, మెల్లగ మాట్లాడుత. ఇంటికి మనిషొచ్చిండు. గాయన తమ్ముని కొడుకట. పెద్దబాపు దవాఖానల ఉన్నడు, నిన్ను తోలుకు రమ్మన్నడు అంటుండు. చాయ్ పెడతనని వంటింట్లకు వచ్చిన."

సంతోష్‌రావు రెండంగల్లో బల్ల దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, ఆ రాత్రి మీ వంతుల ఏం విన్నరు?"

"ఒంటిగంట నలభై అయితుండె. దగ్గు లెక్క విన్న. గాయనది కాదు, గాయనది నాకెరుకే. గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు. కొద్దిసేపటికి గురక మళ్ల మొదలాయె. నెలనుంచి లేని గురక. ఆగుతున్నది, ఆగుతున్నది, ఎంతసేపటికి మళ్ల వస్తలేదు. నలభై దాక లెక్కపెట్టి గట్టిగ పిలిచిన. ఎవరో ఫోన్ ఎత్తిండ్రు. మాట్లాడలే. ఊపిరి మాత్రం విన్న. గాయన ఊపిరి కాదది. కట్ చేసిండ్రు."

ప్రజ్ఞ ఫోన్‌ను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"బిడ్డా," ఆమె గొంతు ఇంకా తగ్గింది. "గా దగ్గు గిప్పుడు నా ముందర గదిల విన్న."

సంతోష్‌రావు అప్పటికే వెస్లీని ఇంటి గుర్తు అడిగి, తన ఫోన్ చెవికి పెట్టుకుని ఆసిఫాబాద్ స్టేషన్‌కు కలుపుతున్నాడు. "జీపు తియ్యండి. చర్చి వెనక గల్లీ. ఎలీసబెతు టీచర్ ఇల్లు అంటే ఎవరైన చెప్తరు. జల్ది." ఫోన్‌ను భుజంతో నొక్కిపట్టి, ప్రజ్ఞ వైపు చూసి నోరు మెదపకుండా ఎనిమిది వేళ్లు చూపించాడు. ఎనిమిది నిమిషాలు.

"వెనక తలుపున్నదా టీచరమ్మా?"

"ఉన్నది. గొళ్లెం బిగుసుకున్నది. తీస్తే చప్పుడైతది."

"అయితే తియ్యకండి. చాయ్ మెల్లగ పెట్టండి. ఏమడిగినా చక్కెర వెతుకుతున్న అనండి. ఫోన్ మాత్రం కట్ చెయ్యొద్దు. రోజు ఎక్కడ పెడతరో అక్కడ పెట్టండి."

"గ్లాసులనా?"

"గ్లాసుల. నేను వింటనే ఉంట."

స్టవ్ వెలిగిన చప్పుడు వచ్చింది. తర్వాత మళ్లీ ఆమె గొంతు. "ఒక్కటి చెప్పు బిడ్డా. గాయన..."

ప్రజ్ఞ నోరు తెరిచింది. వెస్లీ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"చెప్పకు," అంది ఎలీసబెతు. "గా రాత్రే ఎరుకైంది. లెక్కపెట్టింది నేనే గద."

స్టీలుకు ఫోన్ తగిలి టంగుమంది. ఆ తర్వాత గిన్నెలో నీళ్లు పోసిన చప్పుడు, డబ్బా మూత తీసిన చప్పుడు, ఒక వయసుమళ్లిన మనిషి మెల్లగా తీసుకుంటున్న ఊపిరి. ప్రజ్ఞ మోచేతులు బల్లకు ఆనించి వింటూ కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఇంకొక మనిషి శ్వాసను ఆమె లెక్కపెడుతోంది. ఒకటి. రెండు. మూడు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. సంతోష్‌రావు ఆరు వేళ్లు చూపించాడు.

చెప్పుల చప్పుడు ముందుగదిలోంచి వంటింటి గడప దాకా వచ్చి ఆగింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. వెంటనే ఇంకోసారి.

"చాయ్ తర్వాత తాగుదాం టీచరమ్మా." ఉజ్వల్ గొంతు గ్లాసులో పడి స్టేషన్ గది నిండా మోగింది. "గా గ్లాసుల ఉన్న ఫోన్ జర ఇటియ్యండి."

ఎలీసబెతు ఊపిరి ఆగింది.